పగలు ఆ కాలనీలో ఎవరుంటారు?

ప్రశ్న:

పిన్నిగారికి నమస్కారం. పద్నాలుగేళ్ళు విశాఖ అక్కయ్యపాలెంలో అద్దెకున్నాం. మేడ మీద రెండు గదులు, కింద టిఫిన్ బండి, ఎదురుగా మందుల షాపు, పొద్దస్తమానం హారన్లు. ఏడాదిన్నర క్రితం పెందుర్తి దగ్గర సుజాతనగర్ వైపు సొంతిల్లు కట్టుకుని వచ్చేశాం. వీధికి రెండు పక్కలా చెట్లు, వెనక ఖాళీ స్థలాలు, తెల్లారితే పిట్టల కూతలు. వచ్చిన చుట్టాలంతా ‘అదృష్టవంతురాలివే’ అంటారు. మా ఆయన పరవాడ ఫార్మా సిటీలో పని చేస్తారు. పొద్దున ఏడింటికి కంపెనీ బస్సెక్కితే ఇంటికొచ్చేసరికి రాత్రి ఏడున్నర. పాప ఇంటర్ మొదటి సంవత్సరం, కాలేజీ బస్సు ఆరున్నరకే వచ్చేస్తుంది. బాబు ఏడో తరగతి. పగలంతా ఇంట్లో నేనూ, మా అత్తగారూ.

అక్కయ్యపాలెంలో ఇంటి పక్క స్కూల్లో టీచరుగా చేసేదాన్ని, దూరమని మానేశాను. నాకు బండి నడపడం రాదు. బస్సెక్కాలంటే మెయిన్ రోడ్డు దాకా కిలోమీటరు పైగా నడవాలి. ‘మార్గశిరం గురువారాల్లో బురుజుపేట అమ్మవారి గుడికి వెళ్ళే రాత ఈ జన్మకి అయిపోయింది’ అంటుంటారు మా అత్తగారు. మధ్యాహ్నం రెండింటికి కిటికీలోంచి చూస్తే వీధిలో మనిషన్నవాడు కనపడడు. అప్పుడు నాకు ఏడుపొస్తుంది. ఎందుకో చెప్పలేను. ఏడాదిన్నరైనా పక్కింటివాళ్ళ పేరు తెలియదు.

ఇల్లు అద్దెకిచ్చి మళ్ళీ టౌన్లోకి పోదాం అంటే, ‘ఇంత గాలి, ఇంత పచ్చదనం, ఇంత ప్రశాంతత పెట్టుకుని ఆ గోలలోకి పోతానంటావేంటి’ అని ఆయన విసుక్కున్నారు. మా తమ్ముడేమో ‘అమ్మేసి అడవివరం వైపు కొనుక్కోండి, చెట్లూ ఉంటాయి, ఊరికీ దగ్గర’ అంటున్నాడు. సుఖంగా ఉండటం నాకే చేతకావడం లేదా? ఇంకో చిన్న సంగతి: పక్కింటి వేప కొమ్మ మా ప్రహరీ దాటి కరెంటు తీగల దాకా వచ్చింది. కొట్టించేయొచ్చా?

(పేరు వద్దన్నారు, సుజాతనగర్)

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరం రెండోసారి చదువుతూ అందులోని వేళలన్నీ పక్కన ఒక కాగితం మీద రాసుకున్నాను. ఆరున్నరకు పాప. ఏడింటికి మీ ఆయన. బాబు ఎన్నింటికి వెళ్తాడో రాయలేదు, ఎనిమిదిన్నర అనుకుందాం. రాత్రి ఏడున్నరకు ఆయన తిరిగొస్తారు. అంటే పని ఉన్న రోజున మీ ఆయన ఆ కాలనీని చూసేది పొద్దున ఒక గంటా, రాత్రి ఓ మూడు గంటలూ. ఆ గంటలో కోకిల కూస్తుంది. ఆ మూడు గంటల్లో చల్లగాలి వీస్తుంది, ఇంటి నిండా మనుషులుంటారు, కుక్కర్ కూతేస్తుంది. ఆయన చెప్పే ప్రశాంతత అబద్ధం కాదమ్మా. పొద్దంతా యంత్రాల మోతలో, మందుల వాసనలో గడిపి వచ్చిన మనిషికి ఆ నిశ్శబ్దం ఔషధమే. ఔషధం కాబట్టి ఆయన రోజుకో మోతాదు పుచ్చుకుంటున్నారు. మీకు దాన్నే అన్నంలా మూడు పూటలా వడ్డిస్తున్నారు. వికారం పుట్టదూ మరి!

కాబట్టి చేతకానితనం సంగతి వదిలేయండి. ఆయన ఉంటున్న కాలనీ, మీరు ఉంటున్న కాలనీ దస్తావేజులో మాత్రమే ఒకటి.

ఇది నాకెలా తెలిసిందో చెప్తాను. నేను ఇరవై మూడేళ్ళు స్టీల్ ప్లాంటు వాళ్ళ కాలనీ ఉక్కునగరంలో ఉన్నాను. 1989లో క్వార్టరు వచ్చింది. అప్పటికి ప్లాంటులో ఇంకా పనులు నడుస్తూనే ఉన్నాయి. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన ప్లాంటు అది. 1992 ఆగస్టులో పి.వి. నరసింహారావు గారు వచ్చి జాతికి అంకితం చేసేనాటికి, మేము వచ్చిన కొత్తలో మోకాలెత్తున్న మొక్కలు డాబా అందుకున్నాయి. మీ వీధి కంటే పచ్చగా ఉండేది, మీ వీధంత నిశ్శబ్దంగానూ ఉండేది. అయినా ఏనాడూ బెంగ అనిపించలేదు. వయసులో ఉన్నాం, పిల్లలు చిన్నవాళ్ళు, అందుకే అనుకునేదాన్ని చాలాకాలం.

2012లో ఆయన రిటైరయ్యాక మధురవాడ మిథిలాపురి కాలనీకి వచ్చాం. ఇక్కడా చెట్లే, ఇక్కడా నిశ్శబ్దమే. మూడు నెలలు తిరిగేసరికి నాకు మీ రెండింటి ఏడుపు లాంటిదే మొదలైంది. నాది పదకొండింటికి వచ్చేది. వంటయ్యాక, ఆయన పేపరు వెనక మాయమయ్యాక. రోజూ ఆ వేళకి ఒక ఆటో మైకు పెట్టుకుని తిరిగేది: ‘పాత ఇనప సామాన్లు, పాత పేపర్లు, ప్లాస్టిక్ సామాన్లు కొంటాం.’ ఒకరోజు అది రాలేదు. నేను గేటు దాకా వెళ్ళి చూశాను. అమ్మడానికి మా ఇంట్లో ఇనప ముక్క లేదు. ఉన్న ఇనుమంతా మా ఆయన ప్లాంటులోనే వదిలేసి వచ్చారు. ఆ గొంతు కోసం ఎదురు చూస్తున్నానని తెలిసి నామీద నాకే జాలేసింది. మంగమారిపేట నుంచి చేపలు తెచ్చే ఆవిడ కూడా ఒకసారి మా అరుగు మీద కూలబడి అడిగింది: ‘ఏటమ్మా, మీ వీదిలో మనుసులు నేరేటి? కూతేసి కూతేసి గొంతు పోతంది.’

అప్పుడు ఆలోచిస్తే తట్టింది, ఉక్కునగరంలో ఉన్నదీ ఇక్కడ లేనిదీ ఏమిటో. షిఫ్టులమ్మా! ఎ షిఫ్టు పొద్దున 6 నుంచి మధ్యాహ్నం 2, బి షిఫ్టు 2 నుంచి రాత్రి 10, సి షిఫ్టు 10 నుంచి పొద్దున 6. ఏ వేళ చూసినా వీధిలో కొన్ని ఇళ్ళ మగవాళ్ళు ఇంటి దగ్గరే ఉండేవారు. సి షిఫ్టు చేసొచ్చి పడుకున్నాయన కిటికీకి పిల్లలు బంతి కొట్టి తిట్లు తినేవారు. బి షిఫ్టుకి వెళ్ళాల్సినాయన పొద్దున్నే కూరగాయలకి వెళ్తూ మా సంచీ కూడా అడిగి పట్టుకెళ్ళేవాడు. అర్ధరాత్రి పిల్లకి జ్వరం వస్తే, డ్యూటీ దిగి అప్పుడే స్నానం చేస్తున్నవాళ్ళు ఎవరో ఒకరు మెలకువగా ఉండేవారు. పైగా స్కూలూ, షాపులూ, ఆసుపత్రీ అన్నీ నడకదూరంలోనో, రిక్షా దూరంలోనో ఉండేవి. ఆ కాలనీ ఏ పూటా ఖాళీ అయ్యేది కాదు.

మీ కాలనీ, మా కాలనీ అలా కట్టినవి కావు. పొద్దున ఎనిమిదిన్నరకి ఆటు, రాత్రి ఎనిమిదికి పోటు. కాలేజీ బస్సులు, కంపెనీ బస్సులు, స్కూలు వ్యాన్లు, ఆ తర్వాత బైకులు అందరినీ తోడుకుని పోతాయి. మిగిలేది ముసలివాళ్ళు, బండి రాని ఆడవాళ్ళు, ఇంటి పని చేసేవాళ్ళు, కుక్కలు. పెందుర్తి, వేపగుంట, మధురవాడ, కొమ్మాది, ఎటు చూసినా ఇదే తంతు. ఊరు పెరిగేటప్పుడు ఇళ్ళు ముందు వెళ్ళిపోతాయి. టిఫిన్ బండీ, మందుల షాపూ, కుట్టు మెషీను ఆవిడా నెమ్మదిగా వెనక వస్తారు. ఆ మధ్యకాలంలో కాపురాలు చేసేది మీలాంటి వాళ్ళు.

ఇంకో లెక్క కూడా చూడండి. అక్కయ్యపాలెం నుంచి పరవాడ వెళ్ళాలంటే ఎన్‌ఏడీ, గాజువాక, కూర్మన్నపాలెం, లంకెలపాలెం అన్నీ దాటాలి, లారీల మధ్య ఈదుకుంటూ. పెందుర్తి నుంచైతే సబ్బవరం మీదుగా ఆనందపురం–అనకాపల్లి ఆరు వరుసల రోడ్డు ఉంది. రోజుకి ఎంత సమయం మిగిలిందో మీ ఆయన్ని అడగండి, నిమిషాలతో సహా చెప్తారు. మరి మీ స్కూలు ఇంటి పక్కనుంచి ఎక్కడికో పోయింది, మందుల షాపు ఎదుటినుంచి పోయింది, మీ అత్తగారి బురుజుపేట పదిహేను కిలోమీటర్ల పైమాటైంది, పాప ఆరున్నరకే గడప దాటాల్సి వచ్చింది. ఇల్లు కట్టేటప్పుడు దూరాలు లెక్కేశారు, కాకపోతే ఒక్క మనిషివే వేశారు. ఆయన మోసం చేశారని నేననడం లేదు. అప్పుడు మీరు కూడా చెట్లు చూసి తలూపే ఉంటారు. నేనూ అలాగే ఊపాను.

ఇప్పుడు అసలు మాట. మీరు టీచరు. ఆ సంగతి ఒక్క వాక్యంలో చెప్పి దాటేశారు. ‘దూరమని మానేశాను’ అన్నారు, అంతే. టిఫిన్ బండి గురించి ఇంకాస్త వివరంగా రాశారు. నాకు మాత్రం ఉత్తరమంతా ఆ వాక్యంలోనే ఉందనిపించింది. మధ్యాహ్నం రెండు అంటే స్కూల్లో ఏం వేళ? అన్నాలయ్యాక క్లాసు మొదలయ్యే వేళ. పిల్లలు ఆవులిస్తుంటే సుద్దముక్కతో బల్ల మీద కొట్టి లేపే వేళ. మీ ఒంటికి ఆ గంట ఇంకా మోగుతూనే ఉంది. రేపు ఇల్లు అద్దెకిచ్చి అక్కయ్యపాలెం వెళ్ళిపోయినా, చేతిలో క్లాసు లేకపోతే ఆ ఏడుపు అక్కడా వస్తుంది. హారన్లలో వినపడదు, అంతే.

అందుకని ఇప్పుడే ఇల్లు అద్దెకివ్వద్దు. వచ్చే స్కూలు ఏడాది మొదలయ్యేదాకా ఆగండి. ఆగమన్నానని కిటికీ దగ్గర కూర్చోకండి.

ముందు బండి నేర్చుకోండి. మిగతా సలహాలన్నీ దీని తర్వాతే. ఇలాంటి కాలనీల్లో బండి రాని మనిషి ఉప్పు ప్యాకెట్టుకి కూడా ఇంకొకరి దయ మీద ఆధారపడాలి. ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవాళ్ళకిచ్చే లైసెన్సు) తీసుకోండి, ముప్పై రోజులయ్యాక టెస్టుకి వెళ్ళొచ్చు, ఆరు నెలల దాకా అది చెల్లుతుంది. నేర్చుకునే స్థలం కోసం ఎక్కడా వెతకక్కర్లేదు. మీరు చూసి ఏడుస్తున్న ఆ ఖాళీ వీధి కంటే మంచి చోటు విశాఖ మొత్తంలో దొరకదు. అక్కయ్యపాలెం ఎనభై అడుగుల రోడ్డు మీద నేర్చుకోగలిగేవారా? మీ ఆయన్ని మాత్రం నేర్పమనకండి. బండి నేర్పే మొగుడూ, నేర్చుకునే పెళ్ళామూ మాట్లాడుకుంటూ ఇంటికి రావడం నేను ఇంతవరకూ చూడలేదు. ఆడవాళ్ళకి నేర్పే ఆడవాళ్ళు ఉన్నారు, వాకబు చేయండి. నేను యాభై మూడో ఏట నేర్చుకున్నాను. రెండో వారం ఎవరి గేటునో గుద్దాను. ఆ గేటువాళ్ళే ఇప్పుడు మా ఇంట్లో కరివేపాకు కోసుకునేంత చనువున్నవాళ్ళు. హెల్మెట్ పెట్టుకుని మొదటి కొన్ని నెలలు లోపలి రోడ్లకీ, వేపగుంట దాకానూ పరిమితం కండి. చెయ్యి కుదిరాక వారానికోసారి గోపాలపట్నం రైతుబజారు. ఎన్‌ఏడీ వైపు ఇప్పుడే వద్దు, అక్కడి లారీలకి మీరు కొత్తని తెలియదు.

బండి చేతికొచ్చేలోపు ట్యూషన్ మొదలుపెట్టండి. సాయంత్రం మీ వీధిలో ఎన్ని స్కూలు వ్యాన్లు ఆగుతున్నాయో, ఎంతమంది దిగుతున్నారో రెండు రోజులు లెక్కపెట్టండి. మీ బాబుతో సహా నలుగురు పిల్లలు దొరికినా చాలు, నాలుగున్నర నుంచి ఆరున్నర. డబ్బు సంగతి పక్కన పెట్టండి. పిల్లాణ్ణి తీసుకెళ్ళడానికి వచ్చే తల్లి గేటు దగ్గర పది నిమిషాలు నిలబడుతుంది. మీకు కావలసింది ఆ పది నిమిషాలు. తర్వాత మార్చి, ఏప్రిల్‌లలో పెందుర్తి, వేపగుంట స్కూళ్ళకి దరఖాస్తు ఇవ్వండి. జూన్‌లో బళ్ళు తెరిచాక ఇస్తే ఆలస్యమైపోతుంది. చాలా ప్రైవేటు స్కూళ్ళలో టీచర్లు పిల్లల బస్సులోనే వెళ్తారు. మీ బాబు స్కూల్లోనే ఖాళీ ఉందేమో ముందు కనుక్కోండి. (ఆ మాట చెప్తే వాడు గోల చేస్తాడు. చేయనివ్వండి.)

మీ అత్తగారి మాటకొస్తాను. ‘ఈ జన్మకి అయిపోయింది’ అనే మాట పెద్దవాళ్ళు ఊరికే అనరు. బురుజుపేట కనకమహాలక్ష్మి గర్భగుడికి పైకప్పు లేదు, ఆ తల్లి ఎండకీ వానకీ ఆరుబయటే ఉంటుంది. భక్తులు తమ చేత్తోనే పసుపు కుంకుమలు పెట్టుకోవచ్చు. అలాంటి గుడికి ఏళ్ళ తరబడి అలవాటు పడ్డ మనిషిని టీవీలో అభిషేకం చూసుకోమంటే ఎలా? 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టిక్కెట్టు డబ్బులు అక్కర్లేదు, ఆధార్ కార్డు చూపిస్తే సరి. ఖర్చు లేదు కాబట్టి అడ్డం ఉన్నది ఆ కిలోమీటరు ఒక్కటే. మీ చుట్టుపక్కల వీధుల్లో సొంత ఆటో ఉన్నతను తప్పకుండా ఒకడుంటాడు. అతని నంబరు ఫ్రిజ్ మీద అతికించి, గురువారం పొద్దున మెయిన్ రోడ్డు దాకా దింపమని మాట్లాడుకోండి. మార్గశిరంలో తెల్లవారకముందే క్యూలు కడతారు, ఆవిడ మోకాళ్ళకి కష్టం. మిగతా నెలల్లో ఏ గురువారమైనా వెళ్ళొచ్చు. మార్గశిరంలో ఒక్కవారం పాప కాలేజీకి సెలవున్నప్పుడు ముగ్గురూ కలిసి వెళ్ళండి.

అన్నట్టు, కనకమహాలక్ష్మి దూరమైతే అప్పన్న దగ్గరయ్యాడని ఆవిడకి ఎవరైనా చెప్పారా? సింహాచలం ఇప్పుడు మీకు పొరుగు. అక్కయ్యపాలెం నుంచి ఏడాదికోసారి చందనోత్సవానికి వెళ్ళి తొక్కిసలాడేవాళ్ళు, ఇప్పుడు ఏ సోమవారమో తాపీగా వెళ్ళి సంపెంగలు కొనుక్కుని రావచ్చు. ఆషాఢ పౌర్ణమికి గిరిప్రదక్షిణ గోపాలపట్నం మీదుగానే సాగుతుంది. ముప్పై రెండు కిలోమీటర్లు మీరు నడవక్కర్లేదు. రోడ్డు పక్కన నిలబడి మజ్జిగ ఇవ్వండి. మా కాలనీ ఆడవాళ్ళం మొదటిసారి ఒకచోట చేరింది దానికే. హనుమంతవాక దగ్గర రెండు డ్రమ్ముల మజ్జిగ కలిపాం, ఉప్పు రెండుసార్లు వేశాం. ఎవరూ ఏమీ అనలేదు, నడిచి నడిచి వచ్చినవాళ్ళు కదా. ఆ రాత్రి తెలిసిన పేర్లు అప్పటివరకూ ఆ వీధిలో ఉన్న కాలమంతా తెలియలేదు.

మీ తమ్ముడి సలహా మంచి మనసుతో ఇచ్చిందే. అడవివరం అందమైన చోటు కూడా. ఒక పక్క సింహగిరి, ఒక పక్క ముడసర్లోవ. కానీ అడవివరం, వేపగుంట, వెంకటాపురం, పురుషోత్తపురం, చీమలాపల్లి, ఈ పంచగ్రామాల భూముల మీద సింహాచలం దేవస్థానంతో ఎన్నో ఏళ్ళుగా వివాదం ఉంది. దశాబ్దాలుగా ఇళ్ళలో కాపురాలుంటూ కూడా అమ్ముకోలేక, బ్యాంకు అప్పు దొరకక తిప్పలు పడుతున్నవాళ్ళు అక్కడ బోలెడుమంది. అటు కొనాలనే అనుకుంటే, అడ్వాన్సు ఇవ్వకముందే సర్వే నంబరు పట్టుకుని సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళి, అది 22-ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయని భూముల జాబితా) ఉందో లేదో చూసుకోండి, ఈసీ (ఆ ఆస్తి మీద లావాదేవీలు చూపించే సర్టిఫికెట్) తీయించండి, లాయరుకి చూపించండి. ఇంతా చేసి మీకు ఒరిగేది ఏమిటంటే ఇంకో నిశ్శబ్దపు కాలనీ. నా మట్టుకు నేనైతే వద్దంటాను.

మీ ఆయనతో వాదన పెట్టుకోకండి, ఆయన కళ్ళకి కనిపించేది ఆయన చెప్తున్నారు. ఒక పని చేయమనండి. పండగా ఆదివారమూ కాకుండా మంగళవారమో బుధవారమో ఒక్కరోజు సెలవు పెట్టి ఇంట్లో ఉండమనండి. బండి తాళం మీ దగ్గర ఉంచుకోండి. ఫోన్ కూడా లాక్కోవాలని ఉంది కానీ, అంత కఠినం వద్దులెండి. ఒక్కటే షరతు, మధ్యాహ్నం కునుకు తీయకూడదు. సాయంత్రం నాలుగింటికి ఆయన మొహం ఎలా ఉందో నాకు రాయండి. అలాగే పచ్చదనం అంటున్నారు కదా, ఆకులు ఊడ్చేది ఎవరు? మాఘ, ఫాల్గుణాల్లో వేపా, బాదమూ రాల్చే ఆకుల్ని ఆదివారం ఆయన్నే ఊడ్చమనండి. వానాకాలం పెరట్లో పామొస్తే కర్ర తీసుకునేదీ (తీసుకోకండి, పాములు పట్టేవాళ్ళని పిలవండి), శీతాకాలం మొదట్లో ఏడాకులపాల పూలు పూస్తే ఆ ఘాటుకి రాత్రంతా దగ్గే అత్తగారికి కిటికీలు మూసేదీ కూడా మీరే అయ్యుంటారు. చెట్ల చాకిరీ అంతా మీకు, చెట్ల గాలి ఆయనకీనా? ఈ పంపకం ఒక్కటి మారినా సగం కోపం తగ్గుతుంది. అది నా అనుభవం.

మీ రెండింటి ఏడుపు గురించి ఒక్క మాట, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. రోజూ వస్తూ ఉంటే, నిద్రా ఆకలీ కూడా తగ్గుతూ ఉంటే డాక్టరుతో మాట్లాడండి. మన ఊళ్ళో మానసిక వైద్యం అనగానే ‘చినవాల్తేరు’ (ప్రభుత్వ మానసిక ఆసుపత్రి అక్కడే) అని నవ్వే పాడలవాటు ఒకటుంది. దాన్ని పట్టించుకోకండి. ముందు ఫోన్లోనే మాట్లాడాలనుంటే టెలి మానస్ 14416కి చేయండి, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇవన్నీ చేశాక కూడా, బండొచ్చి, క్లాసొచ్చి, పక్కవాళ్ళ పేర్లు తెలిశాక కూడా ఆ ఇల్లు మీకు సరిపడకపోతే అద్దెకిచ్చి వచ్చేయండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు. కంపెనీ బస్సులు టౌన్లోకీ వస్తాయి. అప్పుడు మీ స్కూలు ఎక్కడో చూసుకుని దాని పక్కన ఇల్లు వెతుక్కోండి. ఈసారి దూరాలు అందరివీ వేయండి.

ఇక వేప కొమ్మ. దీనికి హుద్‌హుద్ తుఫాను సంగతి చెప్పాలి. 2014 అక్టోబర్ 12, ఆదివారం. పొద్దున మొదలైన గాలి మధ్యాహ్నానికి మా వీధిలో తురాయిలన్నిటినీ పెరికేసింది. మొదట కొమ్మలు తీగల మీద పడ్డాయి, తీగలు స్తంభాల్ని లాగాయి, స్తంభాలు ప్రహరీల మీద పడ్డాయి. మర్నాడు తెల్లారితే ఒక్క పిట్ట కూత లేదు. నిశ్శబ్దం అంటే అదమ్మా, మీరూ మీ ఆయనా పోట్లాడుకుంటున్నది కాదు. కానీ ఆ వారం ఇంకొకటి కూడా జరిగింది. కరెంటు లేదు, పెట్రోలు లేదు, రోడ్ల నిండా చెట్లు, ఎవరూ డ్యూటీలకి వెళ్ళలేకపోయారు. రెండేళ్ళుగా మొహాలు చూడని మగవాళ్ళు లుంగీలు ఎగ్గట్టి రంపాలతో రోడ్డు మీదికొచ్చారు. మా గ్యాస్ మీద నాలుగిళ్ళకి అన్నం వండాను. ఎవరిదో కారు బ్యాటరీకి వీధంతా ఫోన్లు చార్జి పెట్టుకుంది. ఆ వారం మా వీధి అచ్చం ఉక్కునగరంలా ఉంది. తర్వాత కరెంటొచ్చింది, అందరూ బస్సులెక్కి వెళ్ళిపోయారు.

అందుకని తీగల్ని తాకే కొమ్మని తుఫాన్ల నెలల దాకా ఉంచకూడదు. కూలివాణ్ణి పిలిచి నిచ్చెన వేయించడం మాత్రం వద్దు, ప్రాణాల మీదికొస్తుంది. కరెంటువాళ్ళ ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేస్తే లైన్‌మన్ వచ్చి, లైను ఆపి కొడతాడు. ఎక్కడిదాకా కొట్టాలో దగ్గరుండి చెప్పండి, లేకపోతే మోడు చేసి వెళ్తాడు. ఉగాదికి పువ్వు కావాలి కదా.

ఫోన్ చేసే ముందు పక్కింటి గేటు తట్టి చెప్పండి, చెట్టు వాళ్ళది. మధ్యాహ్నం రెండింటికే వెళ్ళండి. ఆ కిటికీలోంచి వీధి చూసేవాళ్ళకి మీరూ ఇన్నాళ్ళూ కనపడి ఉండరు.